దేవాలయంలో పాటగాళ్ళ హోదా ఏంటి? నార బట్టల గొడవ గురించి ఎవరైనా చెప్పండి

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాసిన యూదుల చరిత్ర చదువుతున్నా, 20వ భాగంలో ఒక చోట ఆగిపోయా. యెరూషలేం దేవాలయం కూలిపోడానికి కొన్నేళ్ళ ముందు, అంటే క్రీ.శ. 62-64 ప్రాంతంలో అనుకోండి, లేవీయుల్లో (దేవాలయ సేవ చేసే లేవీ గోత్రం) పాటలు పాడే బ్యాచ్ రాజు రెండో అగ్రిప్ప దగ్గరికెళ్ళి సన్హెద్రిన్ అనే పెద్దల న్యాయసభ పిలిపించండి, మాకు కూడా యాజకుల్లాగా (బలులిచ్చే అహరోను వంశంవాళ్ళు) నార బట్టలు వేసుకునే పర్మిషన్ ఇప్పించండి, మీ హయాంలో ఒక కొత్త పని జరిగిందని మీ పేరు నిలబడిపోతుంది అని అడిగారట. ఆయన సభ పిలిచి ఒప్పించి ఇచ్చేశాడు. అది చూసి దేవాలయంలో వేరే పనులు చేసే లేవీయులు కూడా మాకూ ఆ పాటలు నేర్చుకునే అవకాశం ఇవ్వండన్నారు, వాళ్ళకీ ఇచ్చాడు. ఇదంతా పూర్వీకుల ధర్మానికి విరుద్ధం, ఇలాంటివి చేస్తే శిక్ష తప్పదు అని జోసెఫస్ ముగించాడు.

నా డౌట్ ఏంటంటే, దావీదు కాలం నుంచీ గాయకులకి అంత గొప్ప స్థానం అని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, మరి వెయ్యేళ్ళ తర్వాత బట్టల కోసం రాజు కాళ్ళు పట్టుకునే పరిస్థితి ఎందుకొచ్చింది? అసలు వాళ్ళ హోదా ఏంటి? వాక్యోపదేశాలు వద్దు బాబూ, చరిత్ర కావాలి.

కీబోర్డ్_కుర్రోడు:
బ్రో బైబిల్ పాత నిబంధనలో మొదటి దినవృత్తాంతాలు 23, 25 అధ్యాయాలు చూడు అన్నీ ఉన్నాయి. లేవీయులు మొత్తం 38,000, అందులో 24,000 మంది మందిరం పనులకి, 6,000 మంది అధికారులు న్యాయాధిపతులు, 4,000 మంది ద్వారపాలకులు, 4,000 మంది వాద్యాలతో స్తుతించేవాళ్ళు. 25లో మళ్ళీ బాగా ట్రైనింగ్ అయినవాళ్ళు 288 మంది, 12 మంది చొప్పున 24 టీములు. ఆసాపు కొడుకులు 4, యెదూతూను కొడుకులు 6, హేమాను కొడుకులు 14 మంది, కలిపితే 24 టీములకి 24 మంది లీడర్లు. ఎవరి వంతు ఎప్పుడో చీట్లు వేసి తేల్చారు, గురువా శిష్యుడా చిన్నా పెద్దా తేడా లేకుండా. ఇంకో విషయం, అక్కడ వాళ్ళు పాడటాన్ని ప్రవచించడం అనే రాశారు, హేమానుని రాజుగారి దీర్ఘదర్శి అన్నారు. ఇంతకన్నా హోదా ఏం కావాలి.

లైబ్రరీ_పిల్లి:
కుర్రోడు గారూ లెక్కలు కరెక్టే, కానీ అవి ఎప్పుడు రాసినవి అన్నది కూడా చూడాలి. దినవృత్తాంతాలు దావీదు కాలంలో రాసినవి కాదు, పర్షియా రాజుల కాలంలోవి, క్రీ.పూ. 4వ శతాబ్దం అని ఎక్కువమంది పండితుల లెక్క. అంటే ఆ రాసినాయన తన కాలంలో ఉన్న గాయకుల వ్యవస్థకి దావీదు సంతకం పెట్టించాడు అనుకోవచ్చు. సమూయేలు గ్రంథాలు, రాజుల గ్రంథాలు చదవండి, దావీదు మందసం (దేవుని నిబంధన పెట్టె) తెచ్చిన కథ అక్కడా ఉంది, పాటా ఆటా ఉన్నాయి కానీ లేవీయ గాయకుల గిల్డు కనిపించదు.

ఇంకా లోపలికెళ్తే అసలు ధర్మశాస్త్రంలో, అదే తోరాలో, గాయకులే లేరు! లేవీయకాండం మొత్తం వెతకండి, బలి ఎలా ఇవ్వాలి, రక్తం ఎక్కడ చల్లాలి, కొవ్వు ఏం చేయాలి అన్నీ ఉన్నాయి గానీ అప్పుడు ఎవరు పాడాలో ఒక్క ముక్క లేదు. సంఖ్యాకాండం 10లో రెండు వెండి బూరలు ఉన్నాయి, వాటిని ఊదేది యాజకులే, అహరోను కొడుకులు. లేవీయులకి ఇచ్చిన పని గుడారం మోయడం, కాపలా, యాజకులకి సాయం. గోదారి గారి ప్రశ్నకి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం, గాయకుల పదవికి దావీదు పేరు ఉంది కానీ మోషే పేరు లేదు, అందుకే ఎప్పుడూ ఎవరో ఒకరు ప్రశ్నించడానికి సందు ఉండిపోయింది.

గోదారి_గట్టు:
ఇది బాగుంది. మరి బబులోను చెర నుంచి తిరిగొచ్చాక లెక్కలు ఏమన్నా ఉన్నాయా?

లైబ్రరీ_పిల్లి:
ఉన్నాయి, భలే తమాషాగా ఉంటాయి. ఎజ్రా 2లో తిరిగొచ్చినవాళ్ళ జాబితా ఉంది. యాజకులు 4,289 మంది. లేవీయులు ఎంతమందో తెలుసా, 74. డెబ్భై నాలుగే! గాయకులు అంటే ఆసాపు వంశంవాళ్ళు 128, ద్వారపాలకులు 139. నెహెమ్యా 7లో అదే జాబితాలో గాయకులు 148, ద్వారపాలకులు 138. గమనించారా, లేవీయులు వేరు, గాయకులు వేరు, ద్వారపాలకులు వేరు కేటగిరీలు. దినవృత్తాంతాలకి వచ్చేసరికి అందరినీ లేవీ వంశవృక్షంలో కలిపేశారు, హేమాను కహాతు కొమ్మ, ఆసాపు గెర్షోము కొమ్మ, ఏతాను (యెదూతూను స్థానంలో కనిపించే పేరు) మెరారి కొమ్మ. లేవీకి ముగ్గురు కొడుకులు, ఒక్కో కొడుకు వంశం నుంచి ఒక్కో పెద్ద గాయకుడు, ఎవరో కూర్చుని సర్దినట్టు ఎంత నీట్‌గా ఉందో చూడండి. అంటే తిరిగొచ్చిన కొత్తలో లేవీయుల లెక్కలో లేనివాళ్ళు తర్వాత లేవీయులయ్యారు, మెట్టు ఎక్కారన్నమాట.

కీబోర్డ్_కుర్రోడు:
వేరే లైన్లో రాసినంత మాత్రాన లేవీయులు కాదని ఎలా అంటారు? ఆఫీసులో స్టాఫ్ లిస్టులో డ్రైవర్లని వేరే రాస్తారు, స్టాఫ్ కాదనా? నెహెమ్యా 11లోనే ఆసాపు వంశంలో గాయకుల్ని లేవీయుల్లో కలిపి చెప్పారు.

లైబ్రరీ_పిల్లి:
అదే కదా నేను చెప్పేది, నెహెమ్యా 7లో విడిగా ఉన్నారు, 11కి వచ్చేసరికి కలిశారు, కానీ అదే 11లో ద్వారపాలకులు ఇంకా బయటే ఉన్నారు. ఒకేసారి కాదు, ఒక్కో గుంపు ఒక్కో టైంలో లోపలికొచ్చింది. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు, సండే స్కూల్ కాదుగా ఇది.

నల్గొండ_నర్సన్న:
మీరందరు వంశాలు పట్టుకొని కొట్లాడుతున్నరు గని జీతం సంగతి ఎవ్వరు చెప్తలేరు. హోదా అంటే ముందుగాల తిండి, పన్ను, ఇల్లు. ఇవి చూడుండ్రి. ఎజ్రా 7ల పర్షియా రాజు అర్తహషస్త హుకుం ఉన్నది, యాజకులు, లేవీయులు, గాయకులు, ద్వారపాలకులు, వీళ్ళ మీద పన్ను గిన్ను ఏసుడు లేదని. నెహెమ్యా 11ల గాయకులకు ఏ రోజుది ఆ రోజు బత్తెం ఇయ్యాలని రాజాజ్ఞ. పర్షియా రాజుకు యెరూషలేంల పాటగాళ్ళ తిండి ఎందుకు పట్టె అంటే, దేవుని దగ్గర తన పేరు మీద, తన కొడుకుల పేరు మీద ప్రార్థన నడవాలె కదా, ఎజ్రా 6ల గా మాట సాఫ్‌గ ఉంది. ఆ తర్వాత గ్రీకు రాజు మూడో అంతియొకస్, క్రీ.పూ. 200 దగ్గర, యెరూషలేం తన చేతికొచ్చినంక ఒక ఉత్తరం రాసిండు, అది జోసెఫస్ పుస్తకంలనే 12వ భాగంల ఉన్నది. పెద్దల సభ, యాజకులు, దేవాలయం లేఖికులు, దేవాలయం గాయకులు, వీళ్ళకు తలపన్ను, కిరీటం పన్ను, ఉప్పు పన్ను అన్నీ మాఫ్. గాయకులు అని పేరు పెట్టి రాసిండు చూడుండ్రి, చిన్న సంగతి కాదది.

గని కాగితం మీద ఉన్నది చేతికి రావాలె కదా. నెహెమ్యా 13 సదవుండ్రి. యూదయ గవర్నర్ నెహెమ్యా, పర్షియా రాజు దగ్గరికి పోయి వాపస్ వచ్చేసరికి యాజకుడు ఎల్యాషీబు ఏం జేసిండు, లేవీయులకు గాయకులకు ద్వారపాలకులకు రావలసిన ధాన్యం, ద్రాక్షారసం, నూనె పెట్టే గోదాం ఖాళీ జేసి తన సుట్టం టోబీయాకు గదిగ ఇచ్చిండు. బత్తెం బందాయె. లేవీయులు గాయకులు పాట ఇడిసిపెట్టి ఎవని పొలానికి వాడు ఉరికిండు. నెహెమ్యా వచ్చి టోబీయా సామాను మొత్తం బయట పారేసి మళ్ళ అందర్ని పిలిపించిండు. రాజు సనదు ఉన్నా గోదాం తాళం యాజకుని చేతుల ఉంటే ఎవరి హోదా ఎంతనో సమజైతది.

గోదారి_గట్టు:
నర్సన్నా సూపర్. టోబీయా సామాన్లు బయట పడేసింది తెలుసు గానీ ఆ గదిలో గాయకుల సరుకు ఉండేదని ఎప్పుడూ కలిపి చూడలా.

స్వరాల_శ్యామల:
నేను సంగీతం చెప్తాను, మతం విషయాలు అంతంత మాత్రం, కానీ మిష్నాలో, అంటే యూదు గురువుల మౌఖిక ధర్మ సంకలనంలో, సంగీతం ఉన్న భాగాలు మాత్రం వదలకుండా చదివా. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చింది, దేవాలయం పోయి అప్పటికే నూట ముప్పై ఏళ్ళు, కాబట్టి కొంత జ్ఞాపకం, కొంత ఇలా ఉండాలి అన్న ఊహ కలిసి ఉంటాయి. అయినా డీటెయిల్ చూస్తే మతిపోతుంది.

రోజూ పొద్దున బలి అయ్యాక ప్రధాన యాజకుడు ద్రాక్షారసం పోయడానికి వంగుతాడు, పక్కనే ఉన్న సెగన్ అనే డిప్యూటీ గుడ్డ జెండా ఊపుతాడు, బెన్ అర్జా అనే ఆయన తాళం కొడతాడు, అప్పుడు లేవీయులు పాట అందుకుంటారు. చరణం అయ్యి ఆపగానే యాజకులు బూర ఊదుతారు, జనం సాష్టాంగపడతారు. ప్రతి ఆగే చోటా బూర, ప్రతి బూరకీ సాష్టాంగం. ఏ రోజు ఏ కీర్తనో కూడా ఉంది, ఆదివారం 24, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతి దినం 92.

వాద్యాల లెక్క అరాఖీన్ అనే భాగం 2వ అధ్యాయంలో. స్వరమండలాలు 2కి తగ్గకూడదు 6కి మించకూడదు, సితారాలు 9కి తగ్గకూడదు పైన ఎన్నయినా, తాళం ఒకటే. వేదిక మీద లేవీయులు 12 మందికి తగ్గకూడదు, అంటే 9, 2, 1 కలిపితే సరిగ్గా 12. పిల్లనగ్రోవి ఏడాదిలో 12 రోజులే, దాని నాలుక కంచుది కాకుండా రెల్లుదే ఉండాలి ఎందుకంటే నాదం తియ్యగా ఉంటుందట. ఈ వాక్యం రాసినవాళ్ళకి చెవి ఉంది, అది మాత్రం ఖాయం.

ఇంక హోదా గురించి, వాళ్ళు నిలబడే చోటు చూడండి చాలు. మామూలు ఇశ్రాయేలీయులు నిలబడే ఆవరణ వెడల్పు 11 మూరలు, యాజకుల ఆవరణ 11 మూరలు, ఆ రెంటికీ మధ్య హద్దు దగ్గర ఒక మూర ఎత్తు మెట్టు, దాని మీద అర మూరవి మూడు మెట్లతో లేవీయుల వేదిక. జనానికంటే పైన, కానీ బలిపీఠం దగ్గరికి పోకూడదు, పోతే చావే అని సంఖ్యాకాండం 18లో ఉంది. అచ్చంగా గీత మీద నిలబడ్డారు పాపం.

ఓ సరదా విషయం, చిన్నపిల్లలు కూడా పాడేవాళ్ళు, పాటకి రుచి రావడానికి. వాళ్ళు వేదిక ఎక్కకూడదు, కింద నిలబడితే తలలు లేవీయుల కాళ్ళ మధ్యకి వచ్చేవట. ఆ సన్నటి గొంతులు పెద్దవాళ్ళకి రావు కాబట్టి వాళ్ళని లేవీయుల్ని ఏడిపించేవాళ్ళు అని పిలిచేవారు, మా క్లాసులో అలాంటి వాళ్ళు ఇద్దరున్నారు!

ఆవకాయ_ఆంటీ:
ఆడవాళ్ళ మాట ఎవరూ ఎత్తరే? హేమానుకి 14 మంది కొడుకులు అని అందరూ రాశారు, ఆ వాక్యంలోనే ముగ్గురు కూతుళ్ళు అని కూడా ఉంది నాయనా.

లైబ్రరీ_పిల్లి:
ఉంది ఆంటీ. వెంటనే తర్వాతి వాక్యంలో వీళ్ళందరూ తండ్రి కింద మందిరంలో పాడేవారు అని వస్తుంది, ఆ అందరిలో కూతుళ్ళు ఉన్నారా లేదా అని ఇప్పటికీ వాదనే. ఎజ్రా 2 చివర్లో గాయకులూ గాయకురాళ్ళూ 200 మంది అని ఉంది, నెహెమ్యాలో 245, కానీ వాళ్ళని దాసదాసీల తర్వాత, గుర్రాలు ఒంటెల లెక్కకి ముందు రాశారు, అంటే ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ చావులకీ పాడేవాళ్ళయి ఉంటారు, ఆసాపు వాళ్ళ లైన్ కాదు. 68వ కీర్తనలో ఊరేగింపులో తంబురలు వాయించే కన్యలు ఉన్నారు. రాజుగారి కోటలో ఉన్నారు, అసీరియా రాజు సన్హెరీబు క్రీ.పూ. 701 దండయాత్ర గురించి చెక్కించిన శాసనంలో హిజ్కియా పంపిన కప్పంలో గాయకులూ గాయకురాళ్ళూ కూడా ఉన్నారు. మిష్నా చెప్పే వేదిక మీద మాత్రం ఎక్కడా కనపడరు.

ఆవకాయ_ఆంటీ:
ఒంటెల పక్కన రాశారా. సరే.

తిరపతి_తమ్ముడు:
మా వైపు గుళ్ళో భజంత్రీలు ఉంటారు కదా, సన్నాయి డోలు లేకపోతే స్వామికి సేవ కదలదు, కానీ గర్భగుడి లోపలికి మాత్రం పోకూడదు, మాన్యాలుండేవి, వంశపారంపర్యం. అచ్చం ఇదే మాదిరి అనిపిస్తాండాది నాకు.

స్వరాల_శ్యామల:
పైకి అలానే ఉంటుంది తమ్ముడూ, కానీ ఒక పెద్ద తేడా ఉంది. భజంత్రీలది అర్చకుల కులం కాదు, లేవీయులు యాజకులు మాత్రం ఒకే గోత్రం, అహరోను కూడా లేవీ మనవడి కొడుకే. అన్నదమ్ముల పిల్లల మధ్య పంచాయితీ ఇది, అందుకే అంత మంట. కాకపోతే మీరన్నదానికి దగ్గరగా వచ్చేది పిల్లనగ్రోవి వాయించేవాళ్ళ విషయం. వాళ్ళెవరు అని మిష్నాలోనే మూడు అభిప్రాయాలు. యాజకుల ఇళ్ళల్లో బానిసలు అని రబ్బీ (యూదు గురువు) మెయీర్. కాదు, ఎమ్మాయు ఊరి నుంచి వచ్చిన రెండు కుటుంబాలు, యాజకులతో వియ్యం అందే స్థాయి వాళ్ళు అని రబ్బీ యోసే. కానే కాదు, లేవీయులే అని రబ్బీ హనినా బెన్ అంతిగోనస్. ఒకే సన్నాయిని బానిస నుంచి యాజకుడి వియ్యంకుడి దాకా లాగారు!

లైబ్రరీ_పిల్లి:
దీని మీద తల్ముద్‌లో, అదే మిష్నాకి తర్వాత వచ్చిన వ్యాఖ్యానంలో, చర్చ ఇంకా బాగుంటుంది. సంగీతంలో అసలుది గొంతా వాద్యమా అన్న ప్రశ్న తెస్తారు. గొంతే అసలైతే వాద్యం ఉత్త తోడు, బానిస వాయించినా నష్టం లేదు. వాద్యమే అసలు సేవ అయితే లేవీయుడే వాయించాలి. ఇంకో వాదన కూడా, పాట లేకపోతే బలి చెల్లుతుందా అని. చెల్లదు అని మెయీర్, చెల్లుతుంది అని మిగతా పండితులు. అంటే ఒక పూట గాయకులు రాకపోతే దేవాలయం ఆగిపోతుందా లేదా అన్నమాట, యూనియన్ వాళ్ళకి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఉంటుందా.

నల్గొండ_నర్సన్న:
గాయకులు ద్వారపాలకులు గూడ ఒకలకొకలు పడకపోయేది. రబ్బీ యెహోషువ బెన్ హనన్యా ఒక నాడు తలుపులు మూసేకాడ యోహానాన్ బెన్ గుద్గదాకు సాయం జేస్తనని పోయిండట. ఆయన ఏమన్నడు, బిడ్డా ఎన్కకు పో, నువ్వు పాటగాళ్ళోనివి, నేను తలుపులోన్ని, నా పని నువ్వు జేస్తే నీ పానం మీదికొస్తది అన్నడు. గింత కట్టడి ఉన్నది. మరి అగ్రిప్ప వచ్చి మిగిలినోళ్ళు గూడ పాట నేర్చుకోవచ్చు అంటే జోసెఫస్‌కు కాలదా?

కీబోర్డ్_కుర్రోడు:
కోరహు కుమారులు అనే లేవీయ కుటుంబం సంగతి మరి? 42, 44 నుంచి 49 దాకా, 84, 85, 87, 88 కీర్తనల పైన వాళ్ళ పేరుంది, అంటే గాయకులు. రెండో దినవృత్తాంతాలు 20లో యెహోషాపాతు యుద్ధం అప్పుడు లేచి గట్టిగా స్తుతించారు. కానీ మొదటి దినవృత్తాంతాలు 26లో వాళ్ళనే ద్వారపాలకుల లిస్టులో పెట్టారు.

లైబ్రరీ_పిల్లి:
ఇదిగో ఇప్పుడు మీరే నా వైపు వాదిస్తున్నారు :) ఒక గుంపు పైకి వచ్చింది, ఒక గుంపు గుమ్మం దగ్గరికి జరిగింది.

కీబోర్డ్_కుర్రోడు:
వాదించట్లా, అడుగుతున్నా అంతే. ఒకే వంశంలో కొందరు పాడొచ్చు కొందరు కాపలా కాయొచ్చు కదా, హేమాను కూడా కోరహు వంశమే.

హల్లెలూయ_హరి:
ఇవన్నీ కాదు బ్రదర్స్ సంగీతం సాతాను చేతిలో ఎలా పడిందో ఒక మెసేజ్ ఉంది లింక్ పెడుతున్నా తప్పక చూడండి

మోడరేటర్:
లింక్ తీసేశాం. చర్చ బాగుంది, టాపిక్ మీదే ఉండండి.

స్వరాల_శ్యామల:
హుగ్రాస్ బెన్ లేవీ గురించి చెప్పకుండా ఉండలేను. దేవాలయం పాటకి అధిపతి ఆయన, గొంతులో ఏదో విద్య ఉంది, బొటనవేలు నోట్లో పెట్టుకుని వేళ్ళు అడ్డం పెట్టి ఒక రకం నాదం తెప్పిస్తే పక్కనున్న యాజకులు ఉలిక్కిపడి వెనక్కి తూలేవారట. ఆ విద్య ఎవరికీ నేర్పనన్నాడు. మిష్నా ఆయన్ని చెడ్డపేరుతో గుర్తుపెట్టుకుంది, సముఖపు రొట్టె (దేవాలయంలో దేవుని ముందు పెట్టేది) చేసే విద్య దాచుకున్న గర్ము కుటుంబం, ధూపం విద్య దాచుకున్న అవ్‌తినాస్ కుటుంబం పక్కన రాసి. నాకు ఆయన మీద కోపం రాదు. ధర్మశాస్త్రం ప్రకారం భూమిలో వాటా లేదు, గోదాం తాళం వేరేవాళ్ళ చేతిలో, చేతిలో ఉన్నదల్లా ఆ నాదం ఒక్కటే, అది కూడా ఇచ్చేస్తే రేపు మనవణ్ణి ఎవడు పిలుస్తాడు?

గోదారి_గట్టు:
ఇన్ని చెప్పారు, మళ్ళీ బట్టల దగ్గరికి రండి. మొదటి దినవృత్తాంతాలు 15లో దావీదు, మందసం మోసే లేవీయులు, గాయకులు సన్నపు నార బట్టలు వేసుకున్నారని ఉంది. రెండో దినవృత్తాంతాలు 5లో సొలొమోను మందిరం ప్రతిష్ఠ అప్పుడు ఆసాపు హేమాను యెదూతూను సన్నపు నార బట్టలతో బలిపీఠానికి తూర్పున నిలబడ్డారని ఉంది. మరి జోసెఫస్ కొత్త ఆచారం, ధర్మవిరుద్ధం అంటాడేంటి?

లైబ్రరీ_పిల్లి:
ఎందుకంటే జోసెఫస్ యాజకుడు కాబట్టి! తన ఆత్మకథ మొదలుపెట్టడమే యాజకుల్లో మొదటి తరగతి వంశం మాది అని మొదలుపెడతాడు. ఆయన దృష్టిలో ధర్మం అంటే తోరా, తోరాలో నార బట్టలు అహరోను కొడుకులకి. గాయకుల చేతిలో ఉన్న ఆధారం దినవృత్తాంతాలు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, ఎవరి పుస్తకం వాళ్ళు చూపిస్తున్నారు. సన్హెద్రిన్ కూడా ఒప్పుకుంది అంటే వాళ్ళ వాదనలో పస ఉన్నట్టే, రాజు ఒక్కడి మొహమాటానికి అంత సభ తల ఊపదు.

పైగా టైమింగ్ చూడండి. అప్పటికి దశమ భాగాలు (పంటలో పదో వంతు) కూడా యాజకుల చేతిలోకి వెళ్ళిపోయాయి. సంఖ్యాకాండం 18 ప్రకారం దశమ భాగం లేవీయులది, అందులో పదో వంతు యాజకులకి. కానీ జోసెఫస్ గలిలయలో ఉన్నప్పుడు యాజకుడిగా తనకి రావాల్సిన దశమ భాగాలు తెచ్చిస్తే తీసుకోలేదు అని గొప్పగా చెప్పుకుంటాడు. అదే చరిత్ర 20వ భాగంలో, ప్రధాన యాజకుడు అననియ మనుషులు కళ్ళాల మీద పడి దశమ భాగాలు లాక్కుపోతే పేద యాజకులు ఆకలితో చచ్చారని కూడా ఆయనే రాశాడు, నార బట్టల సంగతికి కొంచెం ముందు. యాజకులకే అలా ఉంటే లేవీయుల గతి ఏంటి. తిండి అడిగితే రాదని తెలుసు, కనీసం బట్టలు అడిగారు అని నేను చదువుకుంటున్నా.

నల్గొండ_నర్సన్న:
నాకు ఉల్టా అనిపిస్తది. బట్టలొస్తే రేపు వాటా అడుగొచ్చు. బట్టలు ఒక్కతీరుగ ఉన్నంక మీరెవరు మేమెవరు అంటే ఏం జెప్తరు? యాజకులు భయపడ్డది గందుకే.

తిరపతి_తమ్ముడు:
ఆ బట్టలు ఎన్నాళ్ళు కట్టుకున్నారో పాపం, క్రీ.శ. 70లో గుడే పాయె కదా. ఆ తర్వాత వీళ్ళేమయినారు? ఆ రాగాలు ఏమన్నా మిగిలినాయా?

స్వరాల_శ్యామల:
రాగాలకి స్వరలిపి ఎవరూ రాసిపెట్టలేదు, కాబట్టి ఇది ఆసాపు ట్యూను అని ఎవరైనా యూట్యూబ్‌లో పెడితే నమ్మకండి. ఇప్పటికి మిగిలింది క్రమం. ఆ ఏడు రోజుల ఏడు కీర్తనలు ఇప్పటికీ సినగాగుల్లో (యూదుల ప్రార్థన మందిరాలు) పొద్దున ప్రార్థనలో అదే వరసలో చదువుతారు, ఈ రోజు ఫలానా రోజు, ఈ రోజున లేవీయులు దేవాలయంలో ఇది పాడేవారు అని చెప్పి మరీ మొదలుపెడతారు. రోమ్ మీద యూదులు చేసిన క్రీ.శ. 132-135 బర్ కోఖ్బా తిరుగుబాటు నాణేల మీద సితారా బొమ్మ, బూరల బొమ్మ ఉన్నాయి. యెరూషలేంలో దేవాలయం కొండ నైరుతి మూల కింద 1968లో బెంజమిన్ మజార్ తవ్వకాల్లో బూర ఊదే చోటు అని చెక్కిన రాయి దొరికింది, కానీ అది యాజకుల బూరది. గాయకుల వేదిక రాయి ఒక్కటి కూడా దొరకలేదు.

లైబ్రరీ_పిల్లి:
లేవీయులు ఇప్పటికీ ఉన్నారు, వంశం తండ్రి నుంచి కొడుక్కి గుర్తుపెట్టుకుంటూ వస్తున్నారు. సినగాగులో తోరా చదవడానికి మొదట యాజక వంశంవాణ్ణి, రెండోది లేవీయుణ్ణి పిలుస్తారు. యాజకులు జనాన్ని దీవించే ముందు వాళ్ళ చేతుల మీద నీళ్ళు పోసేది లేవీయులే.

నల్గొండ_నర్సన్న:
అంటే పాట పోయింది గని చెంబు మిగిలింది అన్నట్టు.

ఆవకాయ_ఆంటీ:
శ్యామలా, అరాఖీన్ 2వ అధ్యాయం అన్నావు కదా, అది పెద్దదా? కొంచెం కళ్ళు లాగుతున్నాయి ఈ మధ్య.

స్వరాల_శ్యామల:
లేదండీ, ఆరే ఆరు పేరాలు. మూడో పేరా నుంచి చదవండి, మొదటి రెండిట్లో లెక్కలే తప్ప పాట ఉండదు.